తరిమెనశాలలో ఒక లక్ష్మివారము

హేమంతము ప్రవేశించి తుషారధవళములైన తెరలను సముద్రముఖమున వ్రేలగట్టిన దినములవి. గోస్తనీనది తన స్వల్పజలములను సాగరునకు సమర్పించుచోట ఇసుకతిన్నెలపై నిలిచిన కొంగలకును తెరచాపలు దింపి యొడ్డున నొరగిన నావలకును భేదము తెలియరాకుండ మంచు క్రమ్ముకొనియుండెను. పావురాలకొండ శిఖరము మాత్రము బాలార్కకిరణములు సోకి కాంచనద్రవమున దోగినట్లు మెరయుచు పాదతలమున నింకను నిద్రాభారమునుండి తేరుకొనని భీమునిపట్నమును మేలుకొలుపుచున్నట్లుండెను. ఆ పట్టణమున ఒలందావారి కాలపు గిడ్డంగుల వెనుక కొబ్బరితోటకును కడలికిని నడుమ గానుగలు మూలబడి యజమానులచే విడువబడిన నూనెమిల్లొకటి కలదు. ప్రొద్దు బారెడెక్కునప్పటికి ఆ జీర్ణభవనమునుండి తుమ్మెదల గుంపు రొద చేయుచున్నదా యనునట్టి ఝంకారము వెలువడి సముద్రఘోషముతో మేళవించుచుండును.

ఆ ఝంకారము దారుకళావినోదసంఘమువారి తరిమెనలది. కొయ్యముక్కను బిగించి గిరగిర త్రిప్పుచు దానికి ఉలి నొడ్డి భరిణెలును గిన్నెలును దీపపుసెమ్మెలును తీయు ఆ యంత్రములపై పనిచేయుట జీవనోపాధిగా గాక కేవలము వేడుకగా నేర్వగోరిన పెద్దమనుష్యులు కొందరు ఆ పాడుబడిన మిల్లును బాగుచేసికొని ఉద్యోగవిరమణానంతరము లభించిన తీరికను అచట గడుపుచుండిరి. ఊరి వైద్యుడు సన్యాసినాయుడు వారి సంఘమునకు అధ్యక్షుడు. మిల్లునాటి విద్యున్మోటారొక్కటే తరిమెనలన్నింటికిని ప్రాణాధారము. పైకప్పు క్రింద ఈ గోడనుండి ఆ గోడవరకు తిరుగు ఇనుప ఇరుసునుండి తరిమెనకొక తోలుపట్టీ చొప్పున దిగి వానిని త్రిప్పుచుండెను. ఒక తరిమెనను నిలుపవలెనన్న దాని యావలిప్రక్క నున్న కొయ్యమీటను త్రోసి పట్టీని తప్పింపవలెను. అన్నింటిని నిలుపవలెనన్న శాల కావలికొసనున్న గోడకడకేగి మోటారు స్విచ్చి కట్టవలెను. గానుగల కాలమునాటి యీ యేర్పాటును మార్పవలెనని యెవ్వరికిని తోచియుండలేదు.

బాలికోన్నతపాఠశాలకు చిరకాలము ప్రధానోపాధ్యాయినియై విరమించిన సువర్చల యా సంఘమున చేరిన ప్రథమవనిత. ఏబదియేండ్లు దాటినను నెరయని యామె కేశపాశము నీలమేఘమాలికవలె జానువులదాక వ్రేలాడుచుండ దానిని బిగించి యల్లిన జడ నడకకు లయగా నూగుచుండెడిది. ఊరిస్త్రీలు ఆమె పేరు మరచినను జడపంతులమ్మగారన్నంతనే పోల్చుకొనుచుండిరి. తన విద్యను గాని యధికారమును గాని గూర్చి యెన్నడును గర్వించి యెరుగని యా సాధ్వి యీ యొక్క బిరుదము చెవిబడినప్పుడు మాత్రము తల కొంచెము పైకెత్తి నడచుచుండెను. భర్తయైన ప్లీడరు పద్మనాభము ఆ సంగతి యెరిగియు నెరుగనట్లుండెడివాడు.

ఆమె యా శాలకు వచ్చుటయు దైవికముగనే సంభవించెను. పదవీవిరమణానంతరము ప్రాతఃకాలమున సముద్రతీరమున నడచుట యలవాటు చేసికొన్న సువర్చల ఒకనాడు ఝంకారము విని మిల్లు గవాక్షమునుండి లోనికి తొంగిచూచెను. అచట ఒక వృద్ధుడు తిరుగుచున్న మొరటుకొయ్యకు ఉలి యంచును మృదువుగా నానించుచుండ తెల్లని తరుగు మల్లెదండవలె సుళ్లు తిరుగుచు నతని భుజముమీదుగా రాలుచుండెను. చూచుచుండగనే యా కొయ్యకు కంఠము మొలిచెను, పిదప నుదరమేర్పడెను, చివరకు పెదవి విచ్చుకొనెను. ఉలి తీసి యతడు దానిని వెలుతురునకు పట్టినప్పుడు పలుచనైన దారుభిత్తినుండి యెండ తేనెరంగున చొచ్చి వచ్చెను. తాను గొడుగు కిటికీవద్దనే మరచిపోయితినని యామెకు ఇల్లు చేరిన పిదపగాని తెలియలేదు. మరునాడే యామె సన్యాసినాయుని కలిసి తనకును ఒక తరిమెన నిప్పింపుమని కోరెను.

ఆ వృద్ధుని పేరు భుజంగరావు. ఉప్పుకొటారుల ఇన్‌స్పెక్టరుగా జీవితమును వెచ్చించి ఎండకును ఉప్పుగాలికిని దేహము తాళపత్రమువలె నెండిపోయిన యతడు భార్యావియోగానంతరము ఒంటరిగా నివసించుచు తరిమెననే సంసారముగా భావించుకొని యుండెను. సంఘమున నతనితో సాటివచ్చు నేర్పరి లేడు. సువర్చల చేరుచున్నదని విన్నంతనే యతడు అధ్యక్షునితో అందరును వినునట్లుగనే తన యసమ్మతిని తెలిపెను.

"నాయుడు గారూ, ఇది పేరంటపు ఇల్లు కాదు. ఇక్కడికి ఆడవాళ్లు తగరు. చీర చెంగులు, జడలు, గాజులు, వీటికీ తిరిగే ఇనుముకీ పడదు. నా మాట వినండి."

సన్యాసినాయుడు వినలేదు. సువర్చల మాత్రము వినెను. ఆ పలుకులలో నిరసననే గాని హెచ్చరికను గ్రహింపజాలని యామె నాటినుండి యతనితో మాటలాడుట మానివేసెను. అతడును ఆమె పేరెత్తడయ్యెను. విధి వైపరీత్యమో స్థలాభావమో గాని యామెకు లభించిన తరిమెన యతని తరిమెనకు ప్రక్కదే. ఆమె పలుకరింపకున్నను అతని చేతులను మాత్రము చూచుచుండెను. ఉలిని పిడికిట నెట్లు వదులుగా నుంచునో, మణికట్టు నెట్లు త్రిప్పునో, కొయ్య కీచుమన్నప్పుడు ఎట్లు వెనుకకు తీయునో కనుగొని తన కొయ్యపై నట్లే చేయ యత్నించుచుండెను. తన విద్య చౌర్యమగుచున్నదని కనిపెట్టిన భుజంగరావు అప్పుడప్పుడు వీపు త్రిప్పి నిలుచుండును. సువర్చల రెండడుగులు జరిగి మరల చూచును. ఈ మూగవైరము సభ్యుల కందరకును వినోదకారణమై యుండెను.

మాసములు గడచెను. మొదట వంకరటింకరలై పగిలిపోయిన యామె ప్రయత్నములు క్రమక్రమముగా గుండ్రదనమును దాల్చెను. పప్పుగుత్తి పిడి యొకటి నేరుగా వచ్చిననాడు ఆమె దానిని కొంగున గట్టుకొని యింటికి తీసికొనిపోయి భర్త ముందుంచి పరీక్షలో నుత్తీర్ణయైన బాలికవలె నిలిచెను. పద్మనాభము దానిని ఆ వైపు ఈ వైపు త్రిప్పి చూచి "నీ బడిపిల్లలు చూస్తే బాగుండును" అనెను. అంతకుమించిన ప్రశంస యాతని నోట వెడలుట అరుదు. అటుపిమ్మట నామె కుంకుమభరిణె తీయుటకు పూనుకొనెను. మూత సరిగా కూర్చుండునట్టి భరిణె తీయుట తరిమెనవిద్యలో ప్రథమసోపానము దాటుట.

మార్గశిరమాసపు లక్ష్మివారమది. సూర్యోదయమునకు పూర్వమే తలంటుకొని లక్ష్మీపూజ ముగించిన సువర్చల కేశములు పూర్తిగా నారకమునుపే వదులుగా నల్లి ముడిచుట్టి శాలకు వచ్చెను. ప్రతిదినము ఆమె జడను బిగించి ముడివైచి పైన గుడ్డ గట్టుకొనుట వాడుక. నాడు తడిజుట్టునకు గుడ్డ కట్టిన వాసన పట్టునని మానినది. బొమ్మలు చేయు మెత్తని అంకుడుకొయ్య బిగించి భరిణె గర్భమును తొలుచుచు లోతు కనుగొనుటకై పలుమారు వంగుచుండగా స్నిగ్ధములైన యా కుంతలముల ముడి కొంచెము కొంచెముగా సడలజొచ్చెను. ప్రక్కనుండి భుజంగరావు తన పని నాపకయే, ఆమె వైపు తిరుగకయే, చిరకాలమునకు మొదటిసారిగా నొక మాట పలికెను.

"జడ జారుతోంది."

ఆమెకు వినబడెను. వినబడినంతనే చేతు లెత్తి ముడి సవరించుకొనుట యెంత తేలికయో యట్లు చేయకుండుటయు నంత తేలికయయ్యెను. ఇన్నాళ్లకు నోరు తెరచి యీ మానవుడు పలికినది మరల జడ మాటయే కదా యని యామె పెదవి బిగించి, వినని దానివలె, భరిణెలోనికి మరింత వంగెను.

పిదప జరిగినదానిని వర్ణించుటకు పట్టు కాలము అది జరుగుటకు పట్టలేదు. ముడి విడెను. జడ భుజముమీదుగా జారి దాని కొస తిరుగుచున్న కొయ్యను పట్టియుంచు ఇనుపమర మేకునకు తగులుకొనెను. ఒక్క క్షణమున నా మనోహరవేణి కదురున చుట్టుకొను నూలువలె చుట్టుకొనుచు ఆమె శిరస్సును యంత్రమువైపు లాగివేసెను. ఆమె కేకవేయలేదు. కేకకు వలయు నూపిరి కంఠమునకు రాకమునుపే ఆమె రెండరచేతులును తరిమెన దూలముపై నానుకొని, మెడ నరములు తెగునట్లు బిగిసి, కన్నులయెదుట భరిణె తెల్లని మసకవలయమై సమీపించుచుండుటను మాత్రము చూచుచుండెను. మీట ఆవలిప్రక్కను, స్విచ్చి కొసగోడను.

ఒక చేయి కనబడెను. వేగమున తిరుగుచున్న తోలుపట్టీకిని చక్రమునకును నడుమ నా చేయి నేరుగా చొచ్చి పట్టీని వెలికి నెట్టివేసెను. పట్టీ చప్పుమని విడివడి పాముపడగవలె గాలిలో లేచి గోడకు కొట్టుకొనెను. తరిమెన యొకటి రెండు మారులు బద్ధకముగా తిరిగి నిలిచిపోయెను. సువర్చల నుదురు ఇనుమునకు జానెడు దూరమున నాగియుండెను.

సన్యాసినాయుడు పరుగెత్తి స్విచ్చి కట్టివేసెను. శాలయంతయు నిశ్శబ్దమైనది. ఆ నిశ్శబ్దములో బయటి సముద్రము మాత్రము తన పాటికి తాను ఘోషించుచుండెను. ఉలులు చేతబట్టుకొన్న సభ్యులు ఎచ్చటివా రచ్చటనే నిలిచిపోయిరి. అంకుడుతరుగుపై ఎఱ్ఱని చుక్కలు రాలుచుండుట మొదట చూచినది సువర్చలయే. తల యింకను యంత్రమునకు కట్టుబడియుండగా ఆమె చూడగలిగినది నేలయే గనుక. ఆ రక్తము తనదేమో యని యామె యనుకొనెను. తనది కాదని తెలిసికొనుటకు ఆమెకు కొంత కాలము పట్టెను.

భుజంగరావు తన కుడిచేతిని ఎడమచేత పట్టుకొని నిలుచుండి దానిని చూచుచుండెను. బాధతో చూచుట కాదు. వీధిలో పోవు నపరిచితుడు హఠాత్తుగా తన యింట ప్రవేశించి పీటపై కూర్చున్నచో గృహస్థు చూచునట్లు చూచుచుండెను. చూపుడువ్రేలును మధ్యవ్రేలును నుగ్గైపోయినవి. వైద్యుడు తన ఉత్తరీయము చింపి కట్టుకట్టుచున్నంతసేపును అతడొక్క మూలుగైనను మూలుగలేదు.

జడను కోయక తప్పదయ్యెను. వైద్యుడే కత్తెర దెచ్చి మెడవెనుక కత్తిరించెను. విడివడిన సువర్చల తల తేలికయై, నిలువలేక, నేలపై కూలబడి, యంత్రమునకు నల్లగా చుట్టుకొనియున్న తన కేశభారమును చూచెను. అది తనదిగా నామెకు తోపలేదు.

ఇల్లు చేరిన పిదప నామె గోడ కానుకొని కూర్చుండెను. పద్మనాభము భార్య మెడవెనుక బిరుసుగా నిలిచిన కురుచవెండ్రుకలను చూచి క్షణకాలము కన్నులు మూసికొని పిమ్మట తానే వంటింటికి పోయి కాఫీ కాచి తెచ్చి యామె చేతికిచ్చెను. ఆమె త్రాగుట మరచి పట్టుకొనియుండ గ్లాసు తానే పట్టి త్రాగించెను. చాలసేపటికి సువర్చల "నా జడ" యనెను. అతడు "జడ సంగతి వదిలెయ్యి. తల ఉంది" అని యెంతో మెల్లగా పలికెను. అప్పుడామె గొంతు తెగునట్లు ఏడ్చెను. జడకై గాదు. విని యూరకున్న యా యొక్క మాటకై.

ఆసుపత్రియందు భుజంగరావు రెండు వ్రేళ్లును తొలగింపబడెనని తెలిసినది. సువర్చల యెన్ని పర్యాయములో గడపవరకు వచ్చి మరల లోనికి పోయెను. ఎట్టకేలకు ఒక సాయంకాలమున శిరస్సును పమిటతో కప్పుకొని యతని యింటికేగెను. కట్టుమార్చుటకు వచ్చిన పైడిలక్ష్మి యను నర్సు అప్పుడే సంచి సర్దుకొని వెళ్లుచుండెను. భుజంగరావు వసారాలో పడకకుర్చీపై కూర్చుండి చేతిని ఒడిలో నుంచుకొని దానినే చూచుచుండెను.

"ఇన్‌స్పెక్టరు గారూ, మీకు ఒక మాట చెప్పుకుందామని వచ్చాను" అని సువర్చల యారంభించెను.

"కృతజ్ఞతలైతే వద్దమ్మా."

"కృతజ్ఞత తరవాత. ముందు నా తప్పు. జడ జారుతోందని మీరన్నారు. నాకు వినపడింది. వినపడే ఊరుకున్నాను."

"తెలుసు. మీ భుజం బిగియడం చూశాను" అని యతడు తలయూచెను. పిమ్మట కన్నులెత్తి యామెను నేరుగా చూచెను. "మీరు నిజం చెప్పారు గనక నేనూ చెప్పాలి. మీకు కష్టం తోస్తే క్షమించండి. ఆలోచించుకునే వ్యవధి ఉండి ఉంటే నేనా చెయ్యి పెట్టకపోదును."

తరిమెనకడ కలిగిన భయము సువర్చల దేహమును మాత్రమే కుదిపినది. ఈ మాట యంతకన్న లోతునకు పోయినది.

"అంటే, నన్ను చావనిచ్చి ఉందురా?"

"స్విచ్చి దాకా పరుగెత్తి ఉందును. పరుగెత్తాను గాని అందలేదు అని అందరితోనూ చెప్పి ఉందును. లోకం నమ్మును. కొన్నాళ్లకి నేనూ నమ్ముదును." అతని స్వరమున దయయు లేదు, క్రౌర్యమును లేదు. "మీరు రావడం నాకిష్టం లేదు. ఇప్పటికీ లేదు. నా చేతులు చూసి మీరు పని నేర్చుకుంటూంటే ఒళ్లు మండేది. నన్ను నేను బాగా ఎరుగుదుననుకున్నాను. ఈ చెయ్యి నన్నడక్కుండా వెళ్లింది. అడిగి ఉంటే వద్దందును. వేళ్లు పోయినందుకు కాదు నా దిగులు. ఇన్నేళ్లూ నాతో ఉన్న ఈ చెయ్యి ఎవరిదో తెలియకపోయెనే అని."

కోపము వచ్చునేమో యని సువర్చల తనలో తాను వెదకికొనెను. రాలేదు. ఈ మనుష్యుడు అబద్ధమాడియున్నచో దేవునివలె పూజింపబడియుండును గదా, నిజము చెప్పి దానిని కాలదన్నుకొనుచున్నాడు గదా యను వింత మాత్రము మిగిలెను. ఆమె లేచి నిలిచెను.

"అయితే మీకు కాదు. మీరెరగని ఆ మనిషికే నమస్కారం పెట్టి పోతాను" అని వంగి కట్టుకట్టిన యా చేతికి నమస్కరించెను. భుజంగరావు తొట్రుపడి చేతిని శాలువలోనికి లాగికొనెను. ఆతని ముఖమున మొదటిసారిగా బాధ కనబడెను.

సంఘము కొంతకాలము మూతబడి మరల తెరువబడునప్పుడు సువర్చల ఒక కోరిక కోరెను. తరిమెనలన్నింటి యెదుటను మోకాలి యెత్తున శాల పొడుగునను ఒక త్రాడు కట్టి, దానిని ఎచ్చట లాగినను మోటారు నిలిచిపోవునట్లు అమర్పవలెనని. సన్యాసినాయుడు తలదించుకొని "ఈ తాడు మొదటి రోజే కట్టవలసింది" అని పలికి ఆ పని చేయించెను. ఆమె మరల తరిమెన ముందు నిలుచునప్పటికి ఝంకారము విన్నంతనే వెనుకకు జరుగుచుండెను. ఒకనాడు నిలుచుండి తిరిగిపోయెను. మరియొకనాడు ఉలి పట్టి తిరిగిపోయెను. ఆ పిమ్మట కొయ్యను తాకించెను. భుజంగరావును వచ్చెను. ఎడమచేత ఉలి పట్టి మొదటిపాఠమునుండి యారంభించిన యా ప్రవీణుని కొయ్య వంకరపోయి ఎగిరి నేలబడుచుండ అతడు పండ్లు కొరుకుచు మరల బిగించుచుండెను. సువర్చల చూడనట్లుండెను. ఉలి జారిపడినప్పుడు మాత్రము వంగి తీసి యతని తరిమెనపై నుంచి తన పనికి మరలుచుండెను. అతడును వలదనలేదు.

మాఘమాసమున సభ్యులు సమావేశమైరి. ఆసుపత్రి నర్సు పైడిలక్ష్మి తానును తరిమెన నేర్చెదనని కోరియుండెను. సమ్మతింపనివారు చేతులెత్తవలెనని సన్యాసినాయుడు పలికెను. అందరి నడుమను ఒక్క చేయి లేచెను. మూడు వ్రేళ్ల చేయి. తనకు కట్టుకట్టి గాయము మాన్పిన పిల్లకు విరోధముగా, ఒకరి ప్రాణమును కాచిన యా చేతినే, భుజంగరావు నిస్సంకోచముగా పైకెత్తి యుంచెను. సభ దిగ్భ్రమచెంది చూచుచుండెను. ఇంత జరిగినను ఈ వృద్ధుని మనస్సు వెండ్రుకవాసియు కదలలేదు గదా యని సువర్చల విస్తుపోయెను. అతని మాట చెల్లలేదు. పైడిలక్ష్మి చేర్చుకొనబడెను.

ఆ పిల్ల పని మొదలుపెట్టిన యుదయమున భుజంగరావు తన తరిమెనకడకు పోలేదు. ఒక ముక్కాలిపీట తెచ్చి యామెకు బారెడు దూరమున వేసికొని, త్రాటిని ఎడమపిడికిట నొడిసి పట్టుకొని, ఆమె జడముడిపై చూపు నిలిపి కూర్చుండెను. ప్రొద్దెక్కి పని ముగియువరకు అక్కడనుండి లేవలేదు. "ఇది ఆడవాళ్లు చేసే పనా" అని నడుమ నడుమ గొణుగుటయు మానలేదు. మనుష్యుడు తన్ను గూర్చి తాను నమ్ముకొన్న తీర్పొకటి, అంతర్గూఢముగా నతనియందు మేలుకొనియుండు ధర్మమొకటి. ఈ రెండును ఒక యింటనే యుండి యొకదానినొకటి యెరుగక జీవితాంతము గడుపుటయు కలదు. సముద్రపుగాలికి కొయ్యతరుగు తేలి వచ్చి యా వృద్ధుని తెల్లని మీసములపై వ్రాలుచుండ, అతడు దానిని తుడుచుకొనుటకైనను త్రాటిని విడువలేదు.